సన్న వైరు తొక్క తీస్తుంటే పోగులు తెగిపోతున్నాయి: తప్పు స్ట్రిప్పర్‌దా, పట్టుకునే తీరుదా?

మారతహళ్లి_మేకర్
డాబా మీద పెట్టడానికి ఈఎస్‌పీ32 (వైఫై ఉన్న చిన్న కంట్రోలర్ చిప్పు)తో వాన, ఉష్ణోగ్రత కొలిచే చిన్న బోర్డు కడుతున్నా. కోడ్ బాగానే ఉంది, బోర్డు బాగానే ఉంది, వైర్ల దగ్గరే పని ఆగిపోతోంది. వాడేది 28, 30 గేజీ (అంకె పెరిగే కొద్దీ వైరు సన్నం). నా దగ్గరున్నది బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే ఎస్పీ రోడ్డులో కొన్న మామూలు స్ట్రిప్పర్ (తొక్క ఒలిచే పనిముట్టు), పక్కన స్క్రూ ఉండి రెండు దవడల్లో వీ ఆకారం గాటు ఉంటుంది చూడండి, అది. బిగించి లాగితే తొక్కతో పాటు రెండు మూడు పోగులు ఊడొస్తాయి. స్క్రూ కొంచెం వదులు చేస్తే తొక్క తెగదు, సాగుతుంది అంతే. పిడి నొక్కితే తనే పట్టుకుని తనే ఒలిచే ఆటోమేటిక్ రకం కూడా ఉంది ఇంట్లో. దాంట్లో పెడితే వైరు మొత్తం జారి బయటికొచ్చేస్తుంది.
దీనికి ఏ పనిముట్టు సరైంది? వెయ్యి రూపాయల్లోపు దొరికితే సంతోషం. లేక ఉన్నదాంతోనే చేసే పద్ధతి ఏదైనా ఉందా?

తీగలాగితే
సింగిల్ కోరా, పోగులదా? పోగులు అన్నారు కాబట్టి పోగులదే అనుకుంటున్నా. తొక్క దేనిది? పీవీసీనా, సిలికానా, టెఫ్లానా? ఇవి చెప్పకుండా ఎవరు జవాబిచ్చినా చీకట్లో బాణమే.

బీటీఎం_బాలు
పళ్లు. దేవుడు ఇచ్చిన స్ట్రిప్పర్. మా నాన్న ముప్పై ఏళ్లు ఎలక్ట్రీషియన్, ఆయన జేబులో స్ట్రిప్పర్ నేనెప్పుడూ చూడలేదు.

డ్రోన్_దివ్య
బాలు, మీ నాన్నగారు ఒలిచింది ఇంటి వైరింగ్ వైరు. ఇక్కడ అడుగుతున్నది దానిలో పదో వంతు కూడా లేని వైరు గురించి. పైగా పీవీసీలో సీసం సమ్మేళనాలు కలిపిన వైర్లు ఉంటాయి, వేడికి పాడవకుండా. అది నోట్లో పెట్టుకునే వస్తువు కాదు. మా అక్క పళ్ల డాక్టరు. ముందు పన్ను అంచు విరిగి వచ్చేవాళ్లను ఏం పని చేస్తారని అడిగితే టైలర్లు, ఎలక్ట్రీషియన్లు అని చెబుతారట.

బీటీఎం_బాలు
సరే దివ్యగారూ, పళ్లు వెనక్కి తీసుకుంటున్నా.

మారతహళ్లి_మేకర్
@తీగలాగితే మూడు రకాలున్నాయి. ఒకటి రిబ్బన్ కేబుల్ నుంచి చీల్చుకున్న పీవీసీ, 28 గేజీ. రెండోది ఆన్‌లైన్‌లో కొన్న 30 గేజీ సిలికాన్ వైరు, మెత్తగా ఉంటుంది. మూడోది సింగిల్ కోర్ 30 గేజీ, తొక్క కైనార్ అనే ప్లాస్టిక్ అని రీలు మీద ఉంది. పోగులు తెగేది మొదటి రెండింట్లో. మూడోదాంట్లో తెగదు కానీ సోల్డర్ చేశాక ఒకట్రెండు సార్లు వంచితే మొదట్లోనే టప్పున విరుగుతోంది.

పీణ్యా_హార్నెస్
మూడో రకం లక్షణం చెప్పారు, దాంతో మొత్తం విషయం తేలిపోయింది. విరుగుతున్నది సోల్డర్ వల్ల కాదు, స్ట్రిప్పర్ పెట్టిన గాటు దగ్గర. పీణ్యాలో హార్నెస్ పనిలో (వైర్లను కట్టగా కట్టి కనెక్టర్లు బిగించే పని) చాలా కాలంగా ఉన్నా కాబట్టి కొంచెం వివరంగా రాస్తా.

ముందు కొలతలు. 30 గేజీ సింగిల్ కోర్ రాగి మందం 0.255 మిల్లీమీటర్లు. 28 అయితే 0.32. 26 అయితే 0.40. 24 అయితే 0.51. అంటే మీ 28కీ 30కీ మధ్య తేడా 0.1 మిల్లీమీటరు కంటే తక్కువ. స్క్రూ ఉన్న స్ట్రిప్పర్‌లో ఆ తేడాను స్క్రూ తిప్పి పట్టుకోవాలంటే చేయి ఎంత మంచిదైనా కష్టం. దవడ ఇరుసు దగ్గర ఆ మాత్రం ఊగులాట చాలా స్ట్రిప్పర్లలో ఉంటుంది.

రెండోది ఆ వీ ఆకారం. రెండు వీ గాట్లు ఎదురెదురుగా మూసుకుంటే మధ్యలో మిగిలేది గుండ్రటి రంధ్రం కాదు, డైమండ్ ఆకారం సందు. గుండ్రటి వైరుకు అది నాలుగు చోట్లే తగులుతుంది. ఆ నాలుగు చోట్ల తొక్క తెగుతుంది, మూలల్లో తెగకుండా మిగులుతుంది. మూలలు కూడా తెగాలని ఇంకాస్త నొక్కితే అంచు రాగిలోకి దిగుతుంది. మీరు "బిగిస్తే పోగులు పోతాయి, వదిలితే సాగుతుంది" అన్నది ఇదే. లావు వైరులో తొక్క మందంగా ఉంటుంది కాబట్టి ఈ తప్పు కనపడదు. 28, 30లో తప్పుకు చోటే లేదు.

మూడోది ఆటోమేటిక్ రకం. దాని మీదో, డబ్బా మీదో 0.2 నుంచి 6 చదరపు మిల్లీమీటర్లు అని ఉంటుంది, చూడండి. 0.2 అంటే 24 గేజీ. 30 గేజీ వైశాల్యం 0.05. దాని కింది హద్దులో నాలుగో వంతు. అది పట్టుకోలేకపోవడం దాని లోపం కాదు, దాన్ని ఆ వైరు కోసం చేయలేదు.

మీకు కావాల్సింది 20 నుంచి 30 గేజీ దాకా విడివిడిగా గుండ్రటి రంధ్రాలు చెక్కిన స్ట్రిప్పర్. స్క్రూ ఉండదు, సర్దుబాటు ఉండదు, వైరుకు తగిన రంధ్రంలో పెట్టడమే.

తీగలాగితే
హార్నెస్ అక్క చెప్పినదానికి ఒకటి కలుపుతా. రంధ్రాల పక్కన రెండు వరుసల్లో అంకెలుంటాయి. ఒక వరుస సింగిల్ కోర్‌కి, రెండోది పోగుల వైరుకి. ఉదాహరణకు క్లైన్ 11057 మీద సింగిల్ కోర్‌కి 20 నుంచి 30, పోగుల వైరుకి 22 నుంచి 32. అంటే 30 సింగిల్ కోర్ పెట్టే రంధ్రంలోనే 32 పోగుల వైరు పెట్టాలి. ఎందుకంటే అదే గేజీ అయినా పోగుల మధ్య సందులుంటాయి కాబట్టి పోగుల వైరు లావు. 28 గేజీ ఏడు పోగులది తీసుకుంటే ఒక్కో పోగు 0.127, నడుమ ఒకటి చుట్టూ ఆరు, అడ్డంగా మూడు పోగులు, అంటే 0.38. దాన్ని 28 సింగిల్ కోర్ రంధ్రంలో, అంటే 0.32లో పెడితే చుట్టూ ఉన్న ఆరు పోగులకూ గాటు పడుతుంది. చాలామంది స్ట్రిప్పర్‌ని తిట్టేది అంకెల వరుస తప్పు చదివి.

హిందూపురం_కుర్రోడు
ఇదెవరూ చెప్పలేదప్పా నాకు ఇన్నాళ్లూ. నా స్ట్రిప్పర్ మీద రెండు వరుసలు చూసి ఒకటి మిల్లీమీటర్లు, ఇంకోటి గేజీ అనుకున్నా.

తీగలాగితే
అలాంటివీ ఉన్నాయి కుర్రోడా. మీ దాంట్లో ఒక వరుసలో 0.25, 0.3, 0.4 ఇలా ఉంటే అది మిల్లీమీటర్లే. అప్పుడు పోగుల వైరుకి ఒక రంధ్రం పెద్దది ఎంచుకోవడమే.

కేశవ_కత్తెర
ఇంత లెక్కలెందుకు? సర్జికల్ బ్లేడు, 11 నంబరు. వైరుని బల్ల మీద పెట్టి బ్లేడు ఆనించి వేలితో వైరుని ఒక చుట్టు దొర్లిస్తే తొక్క చుట్టూ గీత పడుతుంది. గోటితో లాగితే వచ్చేస్తుంది. నేను పదేళ్లుగా ఇదే చేస్తున్నా, 30 గేజీ కూడా. స్ట్రిప్పర్ కొననే లేదు.

పీణ్యా_హార్నెస్
కేశవగారూ, మీ చేతికి అది కుదిరింది, కాదనను. కానీ కొత్తగా నేర్చుకునేవాళ్లకు దాన్ని చెప్పను. బ్లేడు ఎంత లోతు దిగిందో ఆపే అడ్డు ఏదీ లేదు, వేలి బరువే కొలత. స్ట్రిప్పర్ రంధ్రానికి ఆ అడ్డు ఉంది, దవడలు మూసుకున్నాక ఇంకా నొక్కినా లోపలికి పోదు. కోసిన చోట మీరు ఎప్పుడైనా పది రెట్ల భూతద్దం పెట్టి చూశారా? అడుగుతున్నది ఎగతాళికి కాదు. చూసి ఇక్కడ రాయండి.

కేశవ_కత్తెర
చూస్తా. భూతద్దం లేదు, ఫోన్ కెమెరా దగ్గరగా పెట్టి తీస్తా.

ఓల్డ్_రేడియో
కైనార్ 30 గేజీ అనగానే పాత రోజులు గుర్తొచ్చాయి. ఆ వైరు అసలు సోల్డర్ కోసం చేసింది కాదు, వైర్ ర్యాప్ కోసం. చతురస్రపు పిన్ను చుట్టూ బిగుతుగా ఏడెనిమిది చుట్లు చుడితే పిన్ను అంచులు రాగిలో దిగి సోల్డర్ లేకుండానే కనెక్షన్ నిలుస్తుంది. దాని తొక్క గట్టిది, సన్నది, రాగికి అతుక్కుని ఉంటుంది. అందుకే మామూలు స్ట్రిప్పర్‌కి లొంగదు. ఆ వైరుకనే ప్రత్యేకంగా చిన్న పనిముట్టు ఉంది, జోనార్డ్ వాళ్ల డబ్ల్యూఎస్‌యూ-30ఎం. ఒక చివర చుట్టడానికి, ఇంకో చివర విప్పడానికి, మధ్యలో తొక్క తీయడానికి సన్న చీలిక ఉన్న బ్లేడు. వైరుని చీలికలో దించి లాగితే రాగికి గాటు పడకుండా తొక్క వస్తుంది. 30కి మాత్రమే పనికొస్తుంది, ఇంకో సైజుకి కాదు.

డ్రోన్_దివ్య
ఓల్డ్ రేడియోగారూ, అది ఇప్పుడు ఎస్పీ రోడ్డులో దొరుకుతుందా?

ఓల్డ్_రేడియో
అదే తరహాలో కంపెనీ పేరు లేనివి కనపడుతుంటాయమ్మా. కొనేముందు చీలిక బ్లేడు అంచు చూసుకోవాలి. తుప్పు చుక్క ఉంటే వదిలేయండి.

వైండింగ్_వెంకట్
మధ్యలో దూరుతున్నా, గేజీ అన్నప్పుడల్లా ఏ గేజీ అని అడగండి. నేను కలాసిపాళ్యం దగ్గర మోటారు వైండింగ్ చేస్తా. మాకు గేజీ అంటే ఎస్‌డబ్ల్యూజీ, బ్రిటిష్ లెక్క. మీరు మాట్లాడేది ఏడబ్ల్యూజీ, అమెరికా లెక్క. రెండూ ఒకటి కాదు. ఎస్‌డబ్ల్యూజీలో 30 అంటే 0.315 మిల్లీమీటర్లు, మీ 30 కంటే లావు. 36 అయితే మాది 0.193, మీది 0.127. మన షాపుల్లో పోగుల వైరు 7/36 (ఏడు పోగులు, ఒక్కోటి 36 గేజీ), 14/38 అని అమ్ముతారు కదా, ఆ రెండో అంకె చాలాసార్లు ఎస్‌డబ్ల్యూజీ లెక్కే. మీరు 7/36 అని కొని దాన్ని 28 గేజీ అనుకుని 28 రంధ్రంలో పెడితే పోగులు తెగక ఏమవుతాయి?

తీగలాగితే
వెంకటన్నా, ఈ థ్రెడ్‌లో ఇది బంగారం లాంటి మాట. 0.193 పోగులు ఏడు అంటే అడ్డంగా 0.58. దానికి 24 సింగిల్ కోర్ రంధ్రం కూడా బిగుతే, పోగుల వరుసలో 24 కావాలి.

మారతహళ్లి_మేకర్
నా రిబ్బన్ కేబుల్ మాత్రం 1.27 మిల్లీమీటర్ల పిచ్ (పక్కపక్క వైర్ల మధ్య దూరం), తొక్క ఒలవకుండానే నొక్కి బిగించే ఐడీసీ కనెక్టర్లకు వాడేది. అది ఏడబ్ల్యూజీ 28 అనే అనుకుంటున్నా.

వైండింగ్_వెంకట్
అదైతే ఏడబ్ల్యూజీనే. షాపులో చుట్ట విప్పి మీటరు లెక్కన కోసిచ్చే వైరు గురించి నేనన్నది. అనుమానమొస్తే ఒక పోగు విడదీసి మైక్రోమీటరులో పెట్టి చూడు, ఏ పుస్తకమూ అక్కర్లేదు.

ఓరుగల్లు_ఓల్టు
నేనైతే సోల్డరింగ్ ఐరన్‌తోనే కానిస్త. వేడి మొనను వైరు చుట్టూ తిప్పితే తొక్క కరుగుతది, లాగితే వస్తది. పోగు ఒక్కటి కూడా తెగది. దీనికి స్ట్రిప్పర్ ఎందుకు భాయ్?

డ్రోన్_దివ్య
పీవీసీని కాల్చితే వచ్చే పొగలో హైడ్రోజన్ క్లోరైడ్ ఉంటుంది. పీల్చడానికి మంచిది కాదు, రాగినీ తినేస్తుంది. ఐరన్ మొన మీద నల్లటి పొర కడుతుంది, తర్వాత సోల్డర్ అంటుకోదు. సిలికాన్ అయితే కరగదు, బొగ్గవుతుంది.

ఓరుగల్లు_ఓల్టు
కిటికీ దగ్గర కూసొని చేస్త, ఫ్యాన్ ఉంటది. పాత మొన ఒకటి దీనికోసమే పక్కన పెట్టిన. పీవీసీ వరకే చేస్త, కాల్చను, మెత్తబడే దాకా ఆనిస్త. నల్లబడ్డదంటే వేడెక్కువైనట్టు.

పీణ్యా_హార్నెస్
పీవీసీకి, తక్కువ వేడితో, విడి మొనతో అంటే ఒప్పుకుంటా. పరిశ్రమలో వేడితో ఒలిచే పట్టకార్లు ఉన్నాయి, వాటి పద్ధతి అదే. రాగికి లోహపు అంచు తగలనే తగలదు కాబట్టి గాటు ప్రశ్నే రాదు. కానీ మేకర్‌గారి మూడో వైరు కైనార్‌తో ఈ పని వద్దు. కైనార్ 170 డిగ్రీల దగ్గరే కరుగుతుంది, కానీ సోల్డరింగ్ మొన ఉండేది 350 దగ్గర. ఆ వేడికి అది విడిపోతే వచ్చేది హైడ్రోజన్ ఫ్లోరైడ్. టెఫ్లాన్ కూడా అంతే, మితిమీరి వేడెక్కిన టెఫ్లాన్ పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలిజ్వరం లక్షణాలు వస్తాయి, దానికి పాలిమర్ ఫ్యూమ్ ఫీవర్ అని పేరే ఉంది. ఇంట్లో చిలకలో పిట్టలో పెంచుకుంటుంటే అసలే వద్దు, ఆ పొగకి మనకంటే ముందు అవి చనిపోతాయి.

ఓరుగల్లు_ఓల్టు
పిట్టల ముచ్చట తెల్వది అక్కా. మా ఇంట్ల రెండు లవ్ బర్డ్స్ ఉన్నయి. పీవీసీకి కూడా ఇగ బయట వరండాలనే.

కేశవ_కత్తెర
ఫోటో తీశాను. ఐదు వైర్లు బ్లేడుతో ఒలిచి దగ్గరగా చూశా. మూడు శుభ్రం. రెండింట్లో రాగి మీద సన్న గీత ఉంది, వెలుతురు పక్కనుంచి పడితేనే కనపడుతోంది. పోగులు తెగలేదు కానీ గీత మాత్రం ఉంది. కదలని చోట వాడితే నష్టం లేదనే నా అభిప్రాయం ఇప్పటికీ.

పీణ్యా_హార్నెస్
నిజాయితీగా చూసి చెప్పినందుకు సంతోషం. కదలని చోట అన్నదాంట్లో సగం నిజముంది. డబ్బాలో జిగురు పెట్టి బిగించిన వైరు అయితే గీత ఉన్నా బతుకుతుంది. కానీ మేకర్‌గారిది డాబా మీద. గాలికి ఊగుతుంది, పగలు ఎండకు సాగి రాత్రికి ముడుచుకుంటుంది. కరెంటు మోయడానికి ఏడింట్లో ఐదు పోగులు చాలు, సెన్సర్ సిగ్నల్‌కి ఒక్క పోగు చాలు. వైరు చచ్చేది కరెంటు ఎక్కువై కాదు, వంగి వంగి గాటు దగ్గర అలసి. ఆ గాటు సరిగ్గా సోల్డర్ ఆగిన చోట, తొక్క మొదలయ్యే చోట పడుతుంది. వైరు వంగేదీ అక్కడే. అందుకే హార్నెస్ ప్రమాణం ఐపీసీ 620లో ఏడు కంటే తక్కువ పోగులున్న వైరులో ఒక్క పోగు దెబ్బతిన్నా ఒప్పుకోరు.

బీటీఎం_బాలు
అంటే మా ఇంట్లో మూడు నెలలకోసారి చచ్చే ఫోన్ ఛార్జర్ కేబుల్ కూడా ఇదేనా?

పీణ్యా_హార్నెస్
అది తయారీలో గాటు కాకపోవచ్చు, మీరు మంచం మీద పడుకుని వంచి వాడటం అయ్యుంటుంది. కానీ అలసట సూత్రం అదే.

డ్రోన్_దివ్య
పనిముట్టు గురించి చాలా వచ్చింది, చేయి గురించి ఎవరూ రాయలేదు. డ్రోన్ల రిసీవర్లకు, కెమెరాలకు రోజూ 28, 30 సిలికాన్ ఒలుస్తా కాబట్టి నేను రాస్తా.

వైరుని రంధ్రంలో పెట్టి దవడలు పూర్తిగా మూయాలి. చాలామంది సగం మూసి లాగేస్తారు, అందుకే సాగుతుంది. మూశాక వైరుని గానీ స్ట్రిప్పర్‌ని గానీ పావు చుట్టు ఇటూ, పావు చుట్టు అటూ తిప్పాలి. దవడలు కలిసే చోట రెండు పక్కలా తొక్క తెగకుండా మిగులుతుంది, తిప్పితే అదీ తెగుతుంది. ఆ తర్వాత పిడిని వెంట్రుకవాసి వదలాలి. ఇది అన్నిటికంటే ముఖ్యం. పూర్తి బిగింపుతో లాగితే అంచు రాగి మీద గీస్తూ పోతుంది. కొంచెం వదిలి లాగితే తొక్కని తోస్తుంది, రాగిని తాకదు.

లాగేటప్పుడు చేతులు రెండూ గాల్లో ఉంచి ఎడంగా లాగొద్దు, తొక్క వచ్చిన క్షణంలో చేయి జారుతుంది. ఎడమ చేతి పిడికిట్లో వైరు పట్టుకుని, ఆ బొటనవేలిని స్ట్రిప్పర్ దవడ పక్కకి ఆనించి, బొటనవేలితో స్ట్రిప్పర్‌ని తోయాలి. కదలిక ఐదారు మిల్లీమీటర్లకు మించదు. వైరుకి సూటిగా తోయాలి. ఏటవాలుగా పోతే ఒక పక్క పోగులన్నీ అంచుకి తగులుతాయి.

ఇంకొకటి. తొక్క ముక్కని పూర్తిగా ఊడదీయొద్దు. చివర రెండు మిల్లీమీటర్లు వైరు మీదే ఉండనిచ్చి, ఆ ముక్కని వేళ్లతో పట్టుకుని పోగులు మెలి ఉన్న వైపే తిప్పుతూ లాగితే పోగులు చక్కగా మెలిపడి వస్తాయి. చేతి చెమట కూడా రాగికి అంటదు.

హిందూపురం_కుర్రోడు
ఆ చివరి ముక్కతో మెలిపెట్టేది ఇప్పుడే చేసి చూసినాను. భలే ఉంది అక్కా. పోగులు విడిపోకుండా చిన్న రంధ్రంలోకి నేరుగా దూరిపోయింది.

తీగలాగితే
దివ్య చెప్పిన సిలికాన్‌లో ఇంకో చిక్కు ఉంది. అందులో పోగులు చాలా సన్నం. నా దగ్గరున్న 30 గేజీ రీలు మీద 11 పోగులు, ఒక్కోటి 0.08 అని ఉంది. తొక్క మాత్రం మందం, మెత్తన. కాబట్టి సిలికాన్‌కి మొదట పెద్ద రంధ్రంతో మొదలుపెట్టండి. తొక్క రబ్బరులా ఉంటుంది కాబట్టి పూర్తిగా కోయక్కర్లేదు, చుట్టూ గాటు పడితే చాలు, లాగితే చిరిగి వచ్చేస్తుంది. 26 రంధ్రంలో 30 సిలికాన్ బాగా వస్తుంది నాకు.

డ్రోన్_దివ్య
నాకు 28 రంధ్రం. స్ట్రిప్పర్ కంపెనీని బట్టి మారుతుంది. పెద్దదానితో మొదలుపెట్టి దిగాలన్న మాట మాత్రం వంద శాతం.

మారతహళ్లి_మేకర్
ఇంత వస్తుందనుకోలేదు. శనివారం ఎస్పీ రోడ్డుకి పోతున్నా. ఏం చూసి కొనాలి?

ఓల్డ్_రేడియో
శనివారమే పోండి, ఆదివారం చాలా షాపులు మూత. బండి వద్దు, గ్రీన్ లైన్ మెట్రోలో చిక్కపేటలో దిగి నడవండి. మీ వైరు ముక్కలు మూడు రకాలూ జేబులో పెట్టుకుపోండి. అడిగితే కౌంటర్ మీదే ఒలిచి చూడనిస్తారు. చూడనివ్వని షాపులో కొనొద్దు.

పీణ్యా_హార్నెస్
కౌంటర్ దగ్గర చూడాల్సినవి. దవడలు మూసి వెలుతురుకి ఎత్తి పట్టుకోండి. రంధ్రాలు గుండ్రంగా కనపడాలి, పై సగం కింది సగం ఒకదానికొకటి జరిగి ఉండకూడదు. ఇరుసు దగ్గర పక్కకి ఊపితే ఊగకూడదు. హక్కో సీఎస్‌పీ-30-1 అని 20 నుంచి 30 దాకా రంధ్రాలున్నది ఉంది, అసలుది దొరికితే మంచిది. కానీ ఆ పేరుతో నకిలీలు ఉంటాయి. పేరు చూసి కాదు, పైన చెప్పిన రెండు పరీక్షలు చూసి కొనండి. ఒలిచిన చోట ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెద్దది చేసి చూడండి. సింగిల్ కోర్ అయితే ఒలిచిన మొదట్లో వేలితో నాలుగైదు సార్లు అటూ ఇటూ వంచండి. గాటు లేని రాగి గుండ్రంగా వంగుతుంది. గాటు ఉంటే అక్కడే మడతపడి విరుగుతుంది.

వైండింగ్_వెంకట్
వైరు కూడా చూసుకో తమ్ముడూ. చవక వైర్లలో రాగి కాదు, అల్యూమినియం మీద రాగి పూత. బ్లేడుతో గీకితే లోపల తెల్లగా కనపడుతుంది. అది ఎంత మంచి స్ట్రిప్పర్‌తో ఒలిచినా విరుగుతుంది, తప్పు నీది కాదు.

మారతహళ్లి_మేకర్
పోయొచ్చా. రంధ్రాల స్ట్రిప్పర్ ఒకటి, 20 నుంచి 30 దాకా ఉన్నది తీసుకున్నా, వెయ్యి లోపే అయింది. మొదటి షాపులో చూపించినదాన్ని వెలుతురుకి ఎత్తి చూస్తే రంధ్రాలు సగం సగం జరిగి ఉన్నాయి, వదిలేశా. రెండో షాపాయన నేను వైరు ముక్కలు బయటికి తీయగానే లోపలినుంచి వేరే డబ్బా తెచ్చాడు.
రిబ్బన్ వైరు పోగుల వరుసలో 28 రంధ్రంలో ఒక్క పోగు పోకుండా వస్తోంది. సిలికాన్ నాకు 26లో కుదిరింది, తీగలాగితే అన్నట్టే. పావు చుట్టు తిప్పి కొంచెం వదిలి బొటనవేలితో తోయడం మొదట వింతగా అనిపించింది, ఇప్పుడు చేయి దానంతట అదే చేస్తోంది. సాయంత్రమంతా కూర్చుని చిక్కుడుకాయ పీచు తీసినట్టు ఒలుస్తూనే ఉన్నా.
కైనార్ మాత్రం ఇంకా సగం సగమే. 30 రంధ్రంలో వస్తుంది, కానీ పొడవు ఎక్కువ తీస్తే మధ్యలో ఆగిపోతుంది.

ఓల్డ్_రేడియో
కైనార్ రాగిని గట్టిగా పట్టుకుని ఉంటుంది. సోల్డర్‌కి మీకు కావాల్సింది మూడు నాలుగు మిల్లీమీటర్లే, ఒక్కసారిగా తీయండి. ర్యాప్‌కి అంగుళం కావాల్సినప్పుడు ఆ చిన్న పనిముట్టే శరణ్యం.

మారతహళ్లి_మేకర్
మూడు నాలుగు చాలు నాకు. ఇంకో అనుమానం. రిబ్బన్ వైర్ల చివర 2 మిల్లీమీటర్ల పిచ్ జేఎస్‌టీ కనెక్టర్ పెట్టాలి, క్రింపింగ్ (పిన్ను రెక్కల్ని వైరు మీద నొక్కి బిగించడం). ఒలిచాక పోగులు విడిపోకుండా ముందు సోల్డర్ పూసి క్రింప్ చేయనా?

కేశవ_కత్తెర
నేనైతే పూస్తా, గట్టిగా పట్టుకుంటుంది.

పీణ్యా_హార్నెస్
వద్దు, వద్దు. కేశవగారూ, ఈ ఒక్కదాంట్లో గట్టిగా అడ్డుపడతా. సోల్డర్ మెత్తటి లోహం. క్రింప్ ఒత్తిడి కింద నెమ్మదిగా జారిపోతూ ఉంటుంది. ఈ రోజు బిగుతుగా ఉన్నది కొన్ని నెలల్లో వదులవుతుంది, ఎండ వేడి ఉంటే ఇంకా ముందే. వట్టి రాగి పోగులనే క్రింప్ చేయాలి. ఆ కనెక్టర్ పిన్నులో రెండు జతల రెక్కలుంటాయి, ముందు జత రాగిని, వెనక జత తొక్కని పట్టుకోవాలి. రెండింటి మధ్య సందులో తొక్క అంచు కనపడాలి. అంటే ఒలవాల్సింది రెండు మిల్లీమీటర్లు, కాస్త అటూ ఇటూ. ఎక్కువ ఒలిస్తే వెనక రెక్కలు రాగి మీద పడతాయి, వంగినప్పుడు బరువంతా పోగుల మీదే.

కేశవ_కత్తెర
నా పాత పెట్టెల్లో క్రింప్‌లు కొన్ని వదులవుతున్నాయి, దేనివల్లో అనుకునేవాణ్ణి. సరే, ఇది ఒప్పుకుంటున్నా. బ్లేడు మాత్రం వదలను.

డ్రోన్_దివ్య
మేకర్‌గారూ, సోల్డర్ చేసే చోట సన్న హీట్‌ష్రింక్ (వేడికి ముడుచుకుని పట్టేసే గొట్టం) వేయండి, తొక్క అంచు దాటి రెండు పక్కలా ఐదు మిల్లీమీటర్లు ఉండేట్టు. వంపు సోల్డర్ ఆగిన చోటు నుంచి పక్కకి జరుగుతుంది. డాబా మీద కాబట్టి లోపల జిగురున్న రకం తీసుకోండి, వాన నీళ్లు వైరు వెంట పాకవు.

బీటీఎం_బాలు
ఇదంతా చదివి మా నాన్నకి రంధ్రాల స్ట్రిప్పర్ ఒకటి కొనిచ్చా. రోజంతా దాన్ని పట్టుకుని ఇంట్లో పాత వైర్లన్నీ వెతికి ఒలుస్తున్నాడు. అమ్మ టీవీ వైరు దాచేసింది.

వైండింగ్_వెంకట్
బాలూ, ఆయనతో ఒక మాట చెప్పు. ఆ స్ట్రిప్పర్ మొదట్లో ఉన్న కట్టర్‌తో ఇనుప తీగ, రెసిస్టర్ కాళ్లు కోయొద్దని. కొన్ని పార్టుల కాళ్లలో ఇనుము ఉంటుంది, అంచు మొద్దుబారుతుంది. సన్న వైరు రంధ్రాలైతే ఒక్కసారి చెడితే సాన పట్టడానికి కుదరదు, కొత్తది కొనడమే.

గుంటూరు_గిటార్
పాత థ్రెడ్ అని తెలుసు, ఇక్కడే అడుగుతున్నా. ఇయర్‌ఫోన్ వైరు తెగింది. లోపల ఎరుపు, ఆకుపచ్చ, బంగారు రంగు పోగులు, మధ్యలో దారంలాంటిది. 30 రంధ్రంలో పెట్టి ఒలిస్తే ఏమీ రావట్లేదు, సోల్డర్ కూడా అంటుకోవట్లేదు.

వైండింగ్_వెంకట్
ఆ రంగులే ఇన్సులేషన్. ఒక్కో పోగు మీద ఎనామిల్ పూత అది. దానికి స్ట్రిప్పర్ పనికిరాదు. పై రబ్బరు తొక్క మాత్రం పెద్ద రంధ్రంలో తీసెయ్. దారం బలం కోసం పెట్టింది, కత్తిరించి పక్కకి తీయి, లేదంటే అది కాలి సోల్డర్‌లో కలుస్తుంది. తర్వాత ఐరన్ 390 దగ్గర పెట్టి, మొన మీద సోల్డర్ బొట్టు నిలిపి, పోగుల చివర అందులో ముంచి కొన్ని సెకన్లు ఉంచు. పూత పాలీయురెథేన్ అయితే కరిగి రాగి తడుస్తుంది. చివర నుంచి మొదలుపెట్టు, మధ్యలో ఆనిస్తే పట్టదు. కిటికీ తెరిచి చెయ్. అప్పటికీ అంటకపోతే పూత వేరే రకం, సన్న ఎమరీ పేపరు మడతలో పెట్టి మెల్లగా లాగాలి.

గుంటూరు_గిటార్
చివర నుంచి పెట్టగానే పట్టుకుంది అన్నా. ఎరుపు, ఆకుపచ్చ అయ్యాయి, బంగారు రంగు ఒక్కటి మిగిలింది.

వైండింగ్_వెంకట్
అది గ్రౌండ్. రెండు పక్కల నుంచీ వచ్చిన బంగారు పోగులు కలిపి మెలిపెట్టి ఒకేసారి ముంచు.